పేరుకు భయపడటం కాదు, హెచ్చరిక అడగడం నేర్చుకుందాం

హార్డ్‌వేర్ దుకాణంలోనో, కిరాణా కొట్టులోనో తెల్లటి పలుకులుగా దొరికే కాస్టిక్ సోడాను మనలో చాలామందిమి చూసే ఉంటాం. మూసుకుపోయిన పైపులో పోస్తే జిడ్డు, వెంట్రుకలు కరిగిపోయి నీరు కదులుతుంది. దాని రసాయన నామం సోడియం హైడ్రాక్సైడ్. ఇప్పుడు ఇంట్లో ఉన్న ఫేస్ క్రీము, షాంపూ, ఫేస్‌వాష్ డబ్బాలను తిప్పి చదవండి. పదార్థాల పట్టికలో చివరి వరసల్లో ఇదే పేరు చాలాసార్లు కనబడుతుంది. పైపులు శుభ్రం చేసే మందు ముఖానికి రాసుకునే క్రీములో ఎందుకుంది అని మన యువత అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే.

దీనికి సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. "అంతా విషమే, కంపెనీలు మనల్ని చంపుతున్నాయి" అనేది ఒకటి. "ప్రభుత్వం అనుమతి ఇచ్చింది కదా, ఇక మనకెందుకు" అనేది రెండోది. మొదటిది భయపెట్టి వదిలేస్తుంది, రెండోది నిద్రపుచ్చుతుంది. ఈ రెండింటితోనూ మేము ఏకీభవించలేం. ఈ పదార్థం ఎంత ఉంది, ఏ రూపంలో ఉంది, ఎవరి చేతిలో ఉంది, ఆ చేతికి ఎవరైనా హెచ్చరిక చెప్పారా? ఈ నాలుగు ప్రశ్నలు వేయకుండా భద్రత గురించి మాట్లాడలేం. నాలుగో ప్రశ్న న్యాయానికి సంబంధించినది. అందుకే ఈ విషయం మీద సంపాదకీయం రాస్తున్నాం.

ముందు సబ్బు సంగతి చూద్దాం. నూనెను లేదా కొవ్వును క్షారంతో కలిపితే సబ్బు, గ్లిజరిన్ తయారవుతాయి. గట్టి సబ్బు బిళ్లకు ఆ క్షారం కాస్టిక్ సోడాయే. "రసాయనాలు లేని సహజ సబ్బు" అని అమ్మే బిళ్ల కూడా దాంతో చేసినదే. కొలత సరిగా ఉంటే తయారయ్యే క్రమంలో కాస్టిక్ సోడా నూనెతో కలిసి మారిపోతుంది. పూర్తయిన బిళ్లలో అది కాస్టిక్ సోడాగా మిగలదు. సబ్బు పొట్లం మీద సోడియం పామేట్, సోడియం కోకోట్ వంటి పేర్లు కనబడితే పామాయిల్, కొబ్బరినూనె కాస్టిక్ సోడాతో కలిసి సబ్బుగా మారాయని అర్థం. క్రీముల్లో, షాంపూల్లో కథ ఇంకొంచెం వేరు. అక్కడ పులుపు గుణం ఎక్కువైనప్పుడు దాన్ని సరిచేయడానికి కొద్దిగా వేస్తారు. అది ఆమ్లంతో కలిసి లవణంగా మారుతుంది. కాబట్టి ఆ పట్టికలో పేరు చూసి క్రీము పారేయనక్కర్లేదు.

ఆమ్ల, క్షార గుణాలను పీహెచ్ అనే కొలతతో చెబుతారు. మామూలుగా అది 0 నుంచి 14 వరకు ఉంటుంది. 7 అంటే అటూ ఇటూ కాని స్థితి. మన చర్మం పైపొర సుమారు 5 దగ్గర ఉంటుంది. మామూలు సబ్బు నురగ 9, 10 మధ్య ఉంటుంది. ఒక్కో మెట్టు ఎక్కితే క్షారత పది రెట్లు పెరుగుతుంది. అంటే 10కీ 13కీ తేడా మూడు కాదు, వెయ్యి రెట్లు. సబ్బు చర్మాన్ని పొడిబారుస్తుంది. 13 దగ్గర ఉన్న ద్రావణం చర్మాన్ని కాలుస్తుంది.

అలాంటి ఘాటు ద్రావణాన్ని తెలిసి తెలిసి తలకు రాసుకునే సందర్భం కూడా ఉంది. ఉంగరాల జుట్టును శాశ్వతంగా సాఫీ చేసే రిలాక్సర్ క్రీముల్లో కాస్టిక్ సోడాయే ప్రధాన పదార్థం. జుట్టులోని మాంసకృత్తులను పట్టి ఉంచే గంధకపు బంధాలను అది తెంచేస్తుంది. ఆ బంధాలు మళ్లీ పూర్వస్థితికి రావు. కొత్తగా పెరిగిన జుట్టు మళ్లీ ఉంగరాలుగానే వస్తుంది కనుక కొన్ని వారాలకొకసారి మాడు దగ్గర మళ్లీ పూయాలి. నిమిషాలు ఎక్కువైనా, మాడు మీద గీత ఉన్నా, కంట్లో చుక్క పడినా ప్రమాదమే.

అందుకే యూరోపియన్ యూనియన్ చట్టం దీనికి హద్దులు గీసింది. ఎవరైనా కొనుక్కుని వాడే జుట్టు క్రీములో 2 శాతం, వృత్తి నిపుణులు మాత్రమే వాడేదాంట్లో 4.5 శాతం, గోళ్ల చుట్టూ చర్మాన్ని మెత్తబరిచే మందులో 5 శాతం మించకూడదు. పీహెచ్ సరిచేయడానికి మామూలు సౌందర్య సాధనాల్లో వేస్తే ఆ వస్తువు పీహెచ్ 11 లోపు ఉండాలి. జుట్టు క్రీము డబ్బా మీద ఇందులో క్షారం ఉందనీ, కంట్లో పడితే చూపు పోవచ్చనీ, పిల్లలకు అందకుండా ఉంచాలనీ రాయాలి. అమెరికాలో సౌందర్య సాధనాల పదార్థాలను సమీక్షించే నిపుణుల మండలి కూడా దాదాపు ఇదే మాట చెప్పింది. చెప్పిన పద్ధతిలో, చర్మానికి వీలైనంత తక్కువ తగిలేలా వాడితే జుట్టు సాఫీ చేసే క్రీముల్లో ఇది సురక్షితమేనంది. మిగతా సాధనాల్లో చర్మానికి మంట పుట్టని విధంగా తయారుచేయాలంది. సురక్షితం అన్న మాట వెనక ఎన్ని షరతులున్నాయో గమనించండి. ఆ షరతులు వాడేవారి చెవిన పడకపోతే భద్రత కాగితం మీదే మిగులుతుంది.

"కాస్టిక్ లేనిది" అని రాసిన రిలాక్సర్లు కూడా ఉన్నాయి. వాటిలో కాల్షియం హైడ్రాక్సైడ్‌ను గ్వానిడిన్ కార్బొనేట్‌తో కలిపి అప్పటికప్పుడు మరో ఘాటైన క్షారాన్ని పుట్టిస్తారు. పేరు మారినా ఘాటు అలాగే ఉంటుంది, అదీ మాడును కాల్చగలదు. మన పార్లర్లలో చేసే రీబాండింగ్‌కు సాధారణంగా వాడేది థయోగ్లైకొలేట్ అనే వేరే రసాయనం. ఒకటి చేయించుకున్న జుట్టు మీద రెండోది పూస్తే జుట్టు పుటుక్కున తెగిపోతుంది. పోయినసారి ఏం చేయించుకున్నారని అడగని పార్లర్ నుంచి లేచి రావడమే మంచిది.

అసలు తలకు కాస్టిక్ సోడా రాసుకోవలసిన అవసరం మనుషులకు ఎందుకొచ్చింది? అమెరికాలో నల్లజాతి యువకులు ఒకప్పుడు కాస్టిక్ సోడా, బంగాళాదుంపలు, గుడ్లు కలిపిన ముద్దతో జుట్టు సాఫీ చేసుకునేవారు. మాల్కం ఎక్స్ తన ఆత్మకథలో ఆ మంట గురించి, తర్వాత ఆ పనిని ఎందుకు అవమానంగా భావించాడో కూడా చెప్పాడు. పుట్టుకతో వచ్చిన జుట్టుతో వెళ్తే బడిలో, కార్యాలయంలో చిన్నచూపు చూసే సమాజం అది. జుట్టు తీరు చూసి వివక్ష చూపకూడదని కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసింది 2019లో. అంత ఆలస్యంగా!

2022లో అమెరికా ప్రభుత్వ పరిశోధకులు మరో విషయం బయటపెట్టారు. 33,497 మంది స్త్రీలను దాదాపు 11 ఏళ్లు గమనించారు. జుట్టు సాఫీ చేసే సాధనాలను ఎన్నడూ వాడనివారిలో 70 ఏళ్లలోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం అనీ, తరచుగా వాడినవారిలో 4.05 శాతం అనీ అంచనా వేశారు. దీన్ని కాస్టిక్ సోడాకు అంటగట్టడం సరికాదు. ఏ క్రీములో ఏ పదార్థాలున్నాయో ఆ అధ్యయనం సేకరించలేదు. కానీ కాలిన మాడు దారివ్వగా ఇతర రసాయనాలు ఒంట్లోకి ఎక్కువగా చేరవచ్చని ఆ పరిశోధకులు అనుమానించారు. ఆ సాధనాలను వాడేవారిలో ఎక్కువమంది నల్లజాతి స్త్రీలే కనుక భారం కూడా వారి మీదే ఎక్కువ.

మన ఇళ్లలో దీనికి వేరే రూపముంది. పెళ్లిచూపుల్లో ఒంటి రంగు, జుట్టు తీరు లెక్కలోకి వస్తాయి. నల్లగా ఉందని, జుట్టు రింగులని ఆడపిల్లను చిన్నబుచ్చే మాటలు మన సంఘాల్లోనూ వినబడతాయి. దేవుని స్వరూపంలో పుట్టామని ఆదివారం నమ్మి, సోమవారం ఆ స్వరూపాన్ని సరిదిద్దుకోమని పిల్లలకు చెప్పడం ఏం న్యాయం? జుట్టు సాఫీ చేయించుకోవడం పాపమని మేము అనడం లేదు. ఇష్టంతో చేసుకోవడం వేరు, సిగ్గుతో చేసుకోవడం వేరు. సిగ్గుతో వెళ్లినవారు డబ్బా మీద ఏముందో అడగరు, మంట పుట్టినా నోరు మెదపరు.

ఇక హెచ్చరిక సంగతి. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా ఇళ్లలో కాస్టిక్ సోడా డబ్బాలు మామూలుగా ఉండేవి. పిల్లలు చక్కెర అనుకుని నోట్లో వేసుకునేవారు. అన్నవాహిక కాలిపోయి, మానేటప్పుడు ముడుచుకుపోయి, గుక్కెడు నీళ్లు కూడా దిగని స్థితికి వచ్చేవారు. షెవాలియర్ జాక్సన్ అనే గొంతు వైద్యుడు అలాంటి పిల్లలకు ఏళ్ల తరబడి చికిత్స చేశాడు. చికిత్సతో సరిపెట్టుకోలేదు. డబ్బా మీద విషమని రాయాలని చట్టసభల చుట్టూ తిరిగాడు. చివరికి 1927లో కాస్టిక్ పదార్థాల మీద హెచ్చరిక, ప్రథమ చికిత్స వివరాలు రాయాలన్న చట్టం వచ్చింది. ఆ తర్వాత 1970లో వచ్చిన మరో చట్టం కింద పిల్లలు సులువుగా తెరవలేని మూతలు తప్పనిసరయ్యాయి. రసాయనం మారలేదు. దాని చుట్టూ గోడ కట్టారు, అంతే.

ఈ గోడ మాట మనకు కొత్త కాదు. కొత్త ఇల్లు కట్టేవాడు మేడకు పిట్టగోడ కట్టాలనీ, లేకుంటే పడినవాడి రక్తదోషం ఇంటి మీదికి వస్తుందనీ ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం చెబుతుంది. మేడ ఎక్కినవాడే చూసుకుని నడవాలి అని ఇంటివాడు చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. ప్రమాదకరమైనదాన్ని తయారుచేసేవారికీ, అమ్మేవారికీ, పనివారి చేతికిచ్చేవారికీ ఈ న్యాయమే వర్తించాలి.

మన దేశంలో చట్టం లేకపోలేదు. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం ఉంది, 2020 సౌందర్య సాధనాల నియమాలు ఉన్నాయి. తయారీకి రాష్ట్ర అధికారుల లైసెన్సు కావాలి, పదార్థాల పట్టిక పొట్లం మీద ఉండాలి. సరైన హెచ్చరిక ఇవ్వని వస్తువు వల్ల హాని జరిగితే తయారీదారును బాధ్యుణ్ణి చేసే వీలు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. ఫిర్యాదు చేయాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అయితే పొట్లం మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంగ్లీషులో రాసినది ఎవరు చదువుతారు? సోలాపూర్‌లో, బెంగళూరులో, బరంపురంలో మన పెద్దలకు తెలుగు చదవడం వస్తుంది, పిల్లలకు మరాఠీయో కన్నడమో ఒడియానో వస్తుంది. అమ్మమ్మ చదవలేని హెచ్చరిక అమ్మమ్మకు ఇవ్వనట్టే.

కాస్టిక్ సోడాతో అందరికంటే ఎక్కువ దగ్గరగా ఉండేది సబ్బు వాడేవారు కాదు, పనిచేసేవారు. సోలాపూర్ చాదర్లకు, టవళ్లకు పేరు తెచ్చినవారిలో తరాల క్రితం అక్కడ స్థిరపడిన తెలుగు పద్మశాలీలు ఉన్నారు. నూలు శుద్ధిలో, అద్దకంలో కాస్టిక్ సోడా లేనిదే పని నడవదు. బెంగళూరు పౌరకార్మికుల్లోనూ, తమిళనాడు పట్టణాల పారిశుద్ధ్య కార్మికుల్లోనూ తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు చాలా ఉన్నాయి. మరుగుదొడ్లకు, కాలువలకు వాడే ఘాటు మందులు ముందు తాకేది వారి చేతులనే. క్రీములో చిటికెడు ఉంటే దాని మీద నిపుణుల మండళ్లు కూర్చుంటాయి. బకెట్టులో కిలో కలిపే చేతికి గ్లౌజులు కూడా దొరకవు. తయారీ దగ్గర కూడా ఇదే కథ. ఉప్పునీటిలో విద్యుత్తు పంపి కాస్టిక్ సోడా తీస్తారు. పాత పద్ధతిలో దానికి పాదరసం వాడేవారు. ఒడిశాలో గంజాం దగ్గర ఋషికుల్య నది ముఖద్వారంలో అలా పాదరసం చేరిన సంగతి పరిశోధనల్లో నమోదైంది. దాని భారం మోసింది ఆ నీళ్ల మీద బతికేవారు.

క్షారం కాల్చే తీరు కూడా మోసపూరితమైనది. ఆమ్లం పడితే వెంటనే భగ్గుమంటుంది. క్షారం మొదట్లో అంత మండకపోవచ్చు, చేయి జారుడుగా అనిపిస్తుంది. ఆ జారుడు మన చర్మంలోని కొవ్వే సబ్బుగా మారుతున్న గుర్తు. మంట తెలిసేసరికి అది లోతుకు దిగిపోతుంది. కంట్లో పడితే ఆలస్యమయ్యే ప్రతి నిమిషం చూపును తింటుంది.

కనుక ప్రతి ఇంట్లో తెలిసి ఉండాల్సిన కొన్ని సంగతులు చెబుతున్నాం. చర్మం మీద పడితే పొడిని ముందు దులిపేసి, తడిసిన బట్టలు తీసేసి, ధారగా పారే నీటితో కనీసం అరగంట కడగాలి. నిమ్మరసం, వెనిగర్ పోయకూడదు. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని అలాగే కడుగుతూ, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేర్చాలి. మింగితే వాంతి చేయించకూడదు, పైకి వచ్చేటప్పుడు అది రెండోసారి కాలుస్తుంది. నోరు కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కూల్‌డ్రింకు సీసాల్లో, చక్కెర డబ్బాల్లో ఎప్పుడూ పోసి ఉంచకూడదు.

సబ్బుల తయారీ నేర్పుతున్న మన స్త్రీల సమాజాలకు, పొదుపు సంఘాలకు ఒక మాట. కిలో కొబ్బరినూనెకు సుమారు 180 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది, కిలో ఆముదానికి సుమారు 128 గ్రాములే. ఒక నూనె కొలతతో ఇంకో నూనె పోస్తే కరగని క్షారం బిళ్లలో మిగిలిపోతుంది. గుప్పెళ్ల లెక్క పనికిరాదు, తూకం కావాలి. నీళ్లలో పలుకులు కొద్దికొద్దిగా వేయాలి. పలుకుల మీద నీళ్లు పోస్తే వేడెక్కి ముఖం మీదికి చిమ్ముతుంది. సత్తు గిన్నెలు వాడకూడదు, కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేసి మండే వాయువును పుట్టిస్తుంది. గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా శిక్షణ మొదలుపెట్టకూడదు, చంటిపిల్లలు ఆ గదిలో ఉండకూడదు. బిళ్లలను 4 నుంచి 6 వారాలు ఆరబెట్టి, పీహెచ్ కాగితంతో చూసి, 11, 12 చూపిస్తే ఆ బ్యాచ్ అమ్మకూడదు. ఉపాధి ఇవ్వడం సేవే. కళ్లు కాపాడటం కూడా ఆ సేవలో భాగమే.

మా డిమాండ్లు కూడా స్పష్టంగానే ఉన్నాయి. 2013లో సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత ఆసిడ్ అమ్మకాల మీద దేశమంతా చర్చ జరిగింది. ఆసిడ్‌లాగే కాల్చే క్షారం మీద అంత శ్రద్ధ లేదు. కాస్టిక్ సోడాను విడిగా కవర్లలో కట్టి అమ్మడం ఆపాలి. పిల్లలు తెరవలేని మూత, స్థానిక భాషలో హెచ్చరిక, చదువురానివారికీ అర్థమయ్యే బొమ్మ తప్పనిసరి చేయాలి. ఒక చుక్క చేతినీ లోహాన్నీ తినేస్తున్నట్టు చూపే బొమ్మ అంతర్జాతీయంగా ఉంది, దాన్ని బడిలోనే పిల్లలకు నేర్పాలి. మునిసిపాలిటీలు, కాంట్రాక్టర్లు గ్లౌజులు, కళ్లద్దాలు, కడుక్కోవడానికి నీటి కుళాయి ఇవ్వకుండా ఈ మందు కార్మికుల చేతికి ఇవ్వకూడదు.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన ఆవరణ చూసుకుందాం. మన చర్చీల్లో, బడుల్లో, హాస్టళ్లలో, ఆసుపత్రుల్లో మరుగుదొడ్లు కడిగే అక్క చేతికి గ్లౌజులున్నాయా? ఆమె వాడే సీసా మీద ఏముందో ఎవరైనా ఆమెకు చదివి వినిపించారా? యువజన సంఘాలు ఈ నెలలో ఒక్క పని చేయవచ్చు. మీ ఆవరణలో శుభ్రతకు వాడే ప్రతి సీసానూ తీసి, పేరు చదివి, ఆ పనివారికి తెలిసిన భాషలో పెద్ద అక్షరాలతో హెచ్చరిక రాసి అతికించండి. గ్లౌజులు లేకపోతే వచ్చే సంఘ కమిటీ సమావేశంలో ఆ ఖర్చు రాయించండి.